నలభై మూడు పళ్ళు

మొన్న ద్వారకా నగర్‌లో పళ్ళ డాక్టరమ్మ దగ్గర కుర్చీలో వెల్లకిలా పడుకుని ఉన్నాను. మొహం మీద లైటు, నోట్లో చిన్న అద్దం. ఆవిడ లోపలికి చూస్తూ పక్కనున్న అమ్మాయితో, "ముందు ఎన్ని పళ్ళు మిగిలాయో లెక్కపెడతాను, రాసుకో" అంది. ఆ మాట వినగానే నాకు నవ్వు ముంచుకొచ్చింది. నోట్లో అద్దం ఉండగా నవ్వితే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆవిడ గభాల్న చెయ్యి తీసేసి "నొప్పిగా ఉందా అంకుల్?" అని అడిగింది. కాదమ్మా, నలభై ఏళ్ళ కిందట ఒకాయన నన్ను ఇలాగే పళ్ళు లెక్కపెట్టమన్నాడు, నేను లెక్కపెట్టాను, కాకపోతే వేరే పళ్ళు లెక్కపెట్టాను, దానివల్ల ఒక కుటుంబం ఏడాదిపాటు మాటల్లేకుండా ఉండిపోయింది అని చెప్పడానికి అది చోటూ కాదు, నా నోరు ఖాళీగానూ లేదు. ఇంటికి వచ్చాక కూడా ఆ సంగతే మనసులో తిరుగుతూ ఉంది. అందుకని ఇక్కడ చెబుతున్నాను.

నేను కృష్ణా జిల్లావాణ్ణి. ఉక్కు కర్మాగారం కడుతున్న రోజుల్లో ఉద్యోగానికి విశాఖపట్నం వచ్చాను. డ్రాయింగ్ ఆఫీసులో పని. ఇంజినీర్లు గీసిన బొమ్మల మీద పల్చటి కాగితం పరిచి, ఆ గీతల మీదే మళ్ళీ గీతలు గియ్యడం నా వృత్తి. అంటే ఇంజినీర్ని కాను. కానీ మా పెళ్ళి కుదిర్చిన పెద్దమనిషి "ఇంజినీరింగ్ డ్రాయింగ్ ఆఫీసు" అన్న మాటలో మొదటి ముక్క గట్టిగానూ మిగతా రెండు ముక్కలూ మెల్లగానూ అన్నాడు. మా మామగారి చెవిన మొదటి ముక్కే పడింది. ఆ రోజు నుంచి పెందుర్తిలోని ఆ ఇంట్లో నేను ఇంజినీరు అల్లుణ్ణి. నేనూ కాదనలేదు. కాదంటే పెళ్ళి ఆగుతుందేమోనన్న భయం మొదట, అన్నాక ఏమంటారోనన్న సిగ్గు తర్వాత.

దానికి తోడు భాష. తెలుగువాణ్ణే కదా, తెలుగు ఊరికే కదా వెళుతున్నాను అనుకున్నాను. మా ఆవిడ నాతో మాట్లాడేటప్పుడు బళ్ళో నేర్చుకున్న తెలుగు మాట్లాడేది. వాళ్ళమ్మతో మొదలుపెట్టిందంటే మాత్రం ఆ వేగానికి నాకు సగం మాటలు జారిపోయేవి. "ఏటి సేత్తన్నారు?" అంటే ఏమిటి చేస్తున్నారని అర్థం చేసుకునేలోపు ఇంకో నాలుగు ప్రశ్నలు అయిపోయేవి. మళ్ళీ అడగడానికి మొహమాటం. అందుకని ఒక అలవాటు చేసుకున్నాను. అర్థం కానప్పుడల్లా తల ఊపేవాణ్ణి. అల్లుడు నెమ్మదస్తుడని పేరు కూడా వచ్చింది.

మా మామగారు పోర్టులో క్రేను నడిపి రిటైరయ్యారు. ముప్పై ఏళ్ళు మీటలు లాగిన చేతులకు ఇంట్లో ఏమీ తోచలేదు. భీమిలి దాటాక సముద్రం వైపు ఆయనకు తాతలనాటి జీడితోట ఒకటి ఉండేది. దానికి వెళ్ళాలంటే మైలున్నర ఇసుక దిబ్బల్లో నడవాలి. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, నడవలేరు. ఆవిడ ఆ తోట చూసి ఆరేళ్ళయిందట. అందుకని ఆయన ఎక్కడో వేలంలో పాత జీపు ఒకటి కొన్నారు. నాలుగు చక్రాలూ లాగే జీపు. మామూలుగా వెనక చక్రాలే లాగుతాయి. ఇసుకలో దిగబడితే చిన్న మీట ఒకటి వేస్తే ముందు చక్రాలు కూడా లాగడం మొదలుపెడతాయి. ఆ ముందు ఇరుసు మధ్యలో గుమ్మడికాయంత ఇనుప బుర్ర ఒకటి ఉంటుంది. దాన్నే డిఫరెన్షియల్ అంటారు, మెకానిక్కుల నోట డిప్రెన్సు. మా జీపులో ఆ బుర్ర అరిగిపోయింది. మీట వేస్తే చాలు, లోపల ఎవరో రాళ్ళు నములుతున్నట్టు చప్పుడు.

దాన్ని బాగుచేసే బాధ్యత మా తోడల్లుడు తీసుకున్నాడు. అంటే మా ఆవిడ అక్కగారి భర్త. కంచరపాలెంలో ఒక లారీ షెడ్డులో మెకానిక్కు. ఆయన నన్ను బావా అని పిలిచేవాడు. తోడల్లుణ్ణి బావ అనే వరస మా వైపు లేదు. మొదట్లో ఇంకెవరినో పిలుస్తున్నాడనుకుని వెనక్కి తిరిగి చూసేవాణ్ణి. తర్వాత తెలిసింది, ఆయన ఇష్టమైన మగవాళ్ళందరినీ బావ అనే అంటాడని. పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. మాట తక్కువ. బోల్టు బిగించేటప్పుడు కళ్ళు మూసుకునేవాడు. అదేమిటని అడిగితే "సెయ్యికి తెలిసింది కన్నుకి తెల్దు బావా" అన్నాడు. ఆ ఇంట్లో పెద్దల్లుడు ఆయనే అయినా మామగారు ఆయన్ని నువ్వు అనే అనేవారు, నన్ను మాత్రం మీరు అనేవారు. అది నాకు ఇబ్బందిగా ఉండేది. కొంచెం బాగానూ ఉండేది. ఆ మాట ఇప్పుడు ఒప్పుకోవాలి.

ఒక శనివారం ఆయన జీపు కింద పడుకుని పాత బుర్ర ఊడదీస్తున్నాడు. నేనూ మామగారూ పాతూరులో పాత సామాన్ల దుకాణానికి వెళ్ళి ఇంకో బుర్ర తేవాలి. మర్నాడు ఇంట్లో సత్యనారాయణ వ్రతం. మేము గుమ్మం దిగుతుంటే అత్తగారు వచ్చి, "బాబూ, పూర్ణా మార్కెట్టు మీదుగా వస్తారు గదా, రెండు డజన్లు అరటిపళ్ళు తెండి" అన్నారు. సరేనన్నాను. ఇంకా చెప్పులు తొడుక్కోనేలేదు, జీపు కింద నుంచి మా తోడల్లుడి గొంతు వినపడింది.

"బావా, పళ్ళు మాత్తరం నెక్కెట్టి మరీ తేవాల. ఒక్కటి తేడా వొచ్చినా కుదరదు."

మా తోడల్లుడికి వ్రతాలంటే ఇంత పట్టింపు ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. ముచ్చటేసింది కూడా. ఆయన ఇంకా ఏదో అన్నాడు గానీ సుత్తి చప్పుడులో వినపడలేదు. అలవాటు ప్రకారం తల ఊపాను. జీపు కిందున్న మనిషికి నా తల కనపడదు కదా అని గుర్తొచ్చి, "అలాగే అన్నయ్యా" అని కూడా అన్నాను.

దుకాణంలో అలాంటి బుర్రలు రెండున్నాయి. ఒకదాని నిండా జిడ్డూ మట్టీ. రెండోది కడిగి, బూడిదరంగు వేసి నీటుగా ఉంది. "మీరు చెప్పండి అల్లుడుగారూ, ఇంజినీరు గదా" అన్నారు మామగారు. రెండూ ఒకేలా ఉన్నాయి. కాసేపు గంభీరంగా చూసి, రంగు వేసినదాన్ని చూపించాను. పూర్ణా మార్కెట్లో అరటిపళ్ళు మాత్రం నిజంగానే రెండుసార్లు లెక్కపెట్టాను. ఒకటి తక్కువొచ్చింది. దుకాణం అతనితో వాదించి మరీ ఇంకోటి వేయించుకున్నాను.

ఇంటికి రాగానే మా తోడల్లుడు బుర్రను అటూ ఇటూ తిప్పి చూశాడు. "నెక్కెట్టేవా బావా?" అని అడిగాడు. "రెండుసార్లు. సరిగ్గా సరిపోయాయి" అన్నాను. ఆయన నా భుజం తట్టి, "సదూకున్నోడు సదూకున్నోడే" అన్నాడు. నాకు కొంచెం వింతగా అనిపించింది. ఇరవై నాలుగు అరటిపళ్ళు లెక్కపెట్టడానికి అంత చదువెందుకు అనుకున్నాను. అడగలేదు.

ఆయన అడిగిన పళ్ళు ఆ బుర్ర లోపలి పెద్ద చక్రానికి ఉండే పళ్ళు. ముందు బుర్రలో ఎన్ని ఉంటే వెనక బుర్రలోనూ అన్నే ఉండాలి. లేకపోతే ఒకే బండికి ముందు చక్రాలు ఒక వేగంతో, వెనక చక్రాలు ఇంకో వేగంతో తిరగాలని చూస్తాయి. బయటికి చూస్తే ఏమీ తెలియదు. మూత విప్పి లెక్కపెడితేనే తెలుస్తుంది. ఇదంతా నాకు ఏడాది తర్వాత తెలిసింది.

రెండు ఆదివారాలు కష్టపడి ఆయన దాన్ని బిగించాడు. రోడ్డు మీద జీపు పువ్వులా నడిచింది. మీట వెయ్యనంతసేపూ ముందు చక్రాలు ఊరికే దొర్లుతాయి కదా, అందుకని. అందరం జీడితోటకు వెళ్ళాం. ఇసుకలో కొంచెం బరువుగా లాగింది గానీ వెళ్ళింది. అత్తగారు తోటలో దిగి ఒక్కో చెట్టునూ చేత్తో తడిమి చూశారు. అప్పటికి మా వదిన, అంటే తోడల్లుడి భార్య, కడుపుతో ఉంది, నాలుగో నెలో అయిదో నెలో. పుల్లటి జీడిపళ్ళు తింటూ నవ్వుతూ కూర్చుంది. తిరిగొచ్చేటప్పుడు ఇసుక దాటి గట్టి రోడ్డెక్కాక మీట వెనక్కి రాలేదు. జీపు వణికింది. చక్రాల్ని ఎవరో లోపలి నుంచి పట్టుకున్నట్టు కుదుపులు. మా తోడల్లుడు దిగి, బండిని వెనక్కి నడిపించి, ఎలాగో మీట ఊడదీశాడు. "ఏటో తేడాగుంది బావా. బండి దాంతో అదే కొట్టుకుంతంది" అన్నాడు. మామగారు కొత్తది కదా, బిగువుగా ఉందన్నారు. ఇద్దరూ నా వైపు చూశారు. తల ఊపాను. ఎవరి మాటకు ఊపానో వాళ్ళే నిర్ణయించుకున్నారు.

ఆ తర్వాత నెల రోజులు మా తోడల్లుడు ప్రతి ఆదివారం వచ్చి ఆ ముందు ఇరుసు విప్పడం, చూడడం, బిగించడం. బేరింగులు బాగానే ఉన్నాయి. గ్రీజు బాగానే ఉంది. చక్రం పన్ను పన్నులో సరిగ్గా కూర్చుంది. ఏ ముక్కకు ఆ ముక్క మంచిదే. అన్నీ కలిస్తే మాత్రం బండి గింజుకుంటుంది. ఆయన తల గోక్కుంటూ చక్రాల మధ్య కూర్చుని ఉండడం నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. మళ్ళీ పళ్ళు లెక్కపెట్టాలని మాత్రం ఆయనకు తోచలేదు. తోచకపోవడానికి కారణం నేను. రెండుసార్లు లెక్కపెట్టానని చెప్పాను కదా.

శ్రావణమాసంలో ఒక ఉదయం సింహాచలం వెళ్ళాం. మామగారూ, అత్తగారూ, మా ఆవిడా, నేనూ. మా తోడల్లుడికి షెడ్డులో పని, రాలేదు. దర్శనం చేసుకుని దిగేటప్పుడు వాన పట్టుకుంది. ఘాటు రోడ్డు తడిసి నున్నగా ఉంది. మామగారు, "నాలుగు చక్రాలూ పడితే పట్టుంటుంది" అని చిన్న మీట వేశారు. రెండో మలుపులో జీపు ఒక్కసారి మొండికేసింది. ఆయన స్టీరింగు తిప్పుతున్నా ముందు చక్రాలు తిరగకుండా నేరుగా జారిపోయాయి. పిట్టగోడకు రాసుకుని ఆగింది. ఇంకో మూడడుగులు పోతే లోయే. ముందు సీట్లో కూర్చున్న అత్తగారి మణికట్టు విరిగింది.

ఆ సాయంత్రం పెందుర్తి ఇంట్లో ఆవిడ సిమెంటు కట్టుతో వరండాలో కూర్చున్నారు. కబురు తెలిసి మా తోడల్లుడూ వదినా వచ్చారు. ఆయన ఎవరితోనూ మాట్లాడకుండా జీపు కిందికి దూరాడు. మామగారు అందరికీ వినపడేట్టు నన్నడిగారు. "అల్లుడుగారూ, మీరు చెప్పండి. ఇది ఎందుకిలా అయింది?"

నాకు తెలియదు అనే జవాబు నిజం. అది చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? కానీ ఇంజినీరు అల్లుణ్ణి. అంతమంది నా మొహంలోకి చూస్తున్నారు. "సామాను మంచిదే మామయ్యగారూ. బిగింపులో ఎక్కడైనా లోపం ఉండి ఉండొచ్చు" అన్నాను.

మా తోడల్లుడు జీపు కింద నుంచి బయటికి వచ్చాడు. మామగారు ఆయన్ని చూసి గొంతు పెంచకుండా అన్నారు. "ఇన్నావా? నీ సేతిలో పెట్టినాను. నా పెళ్ళాం సెయ్యి ఇరిగింది."

ఆయన నా వైపు చూశాడు. కోపంగా చూసి ఉంటే బాగుండేది. పరీక్షలో తప్పిన పిల్లాడు మార్కుల కాగితాన్ని చూసినట్టు చూశాడు. "అదేనేమోనండి" అన్నాడు. నాతో అండి అనడం అదే మొదలు. చాలాసేపు కిరసనాయిలుతో చేతులు కడుక్కున్నాడు. రెంచీలన్నీ గోనెసంచిలో వేసుకుని, మా వదినతో "నడు" అన్నాడు. బరువు మనిషి, ఆవిడ మెల్లగా మెట్లు దిగి ఆయన వెనక నడిచింది. తల్లి పిలిచినా వెనక్కి తిరగలేదు.

వాళ్ళు మళ్ళీ రాలేదు. కార్తీకంలో మా వదినకు ఆడపిల్ల పుట్టింది. పురుడు పుట్టింట్లో కాదు, శ్రీకాకుళం వైపు ఆయన సొంతూళ్ళో జరిగింది. అత్తగారు పిల్లకని పాత మెత్తటి చీరలు చింపి, కట్టు విప్పిన చేత్తోనే వంకరటింకరగా కుట్టి, దొంతరగా పెట్టుకున్నారు. వాటిని పంపడానికి మామగారి పౌరుషం ఒప్పుకోలేదు. జీపు పాకలో పడి ఉంది. నేను ఆదివారాలు వెళ్ళి ఆ వరండాలో కూర్చుని కాఫీ తాగి వచ్చేవాణ్ణి. ఎక్కడో తప్పు జరిగిందని లోపల పీకుతూ ఉండేది. ఏమిటో తెలియదు. నా మాట నిజమే అయి ఉండొచ్చని కూడా అప్పుడప్పుడూ నమ్మేవాణ్ణి. నమ్మితే కాస్త నిద్రపట్టేది.

మళ్ళీ శ్రావణం వచ్చింది. ఒకరోజు ఆఫీసులో నేను కన్వేయర్ తాలూకు పళ్ళచక్రం బొమ్మ గీస్తున్నాను. మా హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ గోదావరి జిల్లా పెద్దాయన. నా భుజం మీదుగా వంగి చూసి, "పళ్ళు లెక్కపెట్టావుటయ్యా? ఒక్కటి తేడా వచ్చినా కుదరదు" అన్నాడు.

బొమ్మ మీద ఇంకు చుక్క పడింది. ఆయన ఏదో కేకలేస్తున్నాడు. నాకు జీపు కింద నుంచి వచ్చిన గొంతు వినపడుతోంది.

ఆదివారం దాకా ఎలా ఆగానో తెలియదు. పెందుర్తి వెళ్ళి పాకలో మూలనున్న పాత బుర్ర తాలూకు పళ్ళచక్రం బయటికి తీశాను. మొదటి పన్ను మీద సుద్దముక్కతో గుర్తుపెట్టి లెక్కపెట్టాను. నలభై మూడు. అప్పుడు జీపు కింద దూరి బుర్ర మూత బోల్టులు విప్పాను. మూత ఊడి నల్లటి నూనె అంతా నా మొహం మీద పడింది. చప్పుడు విని మామగారు వచ్చారు. ఏటి సేత్తన్నారని అడిగారు. ముందు చక్రం ఒకటి జాకీతో లేపి తిప్పమన్నాను. ఆయన బయట నుంచి చక్రం తిప్పుతుంటే నేను కింద నుంచి పళ్ళు లెక్కపెట్టాను. ముప్పై తొమ్మిది. మళ్ళీ తిప్పమన్నాను. ముప్పై తొమ్మిదే.

బయటికి వచ్చి, నూనె మొహంతోనే ఆయనకు అంతా చెప్పాను. అరటిపళ్ళ సంగతి కూడా. ఇంజినీర్ని కానన్న సంగతి కూడా ఆ ఊపులోనే చెప్పేశాను. ఆయన నవ్వలేదు. జీపు మడ్‌గార్డు మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

"మరి ఆడు ఆ రోజు ఎందుకు నోరెత్తలేదు?" అన్నారు చివరికి.

"నా లెక్క నమ్మాడు మామయ్యగారూ. అందుకని తప్పు తనదే అనుకున్నాడు."

ఆ సాయంత్రమే కంచరపాలెం వెళ్ళాను. మా తోడల్లుడు గుమ్మంలో కూర్చుని సైకిలు చైను శుభ్రం చేస్తున్నాడు. రమ్మనలేదు, పొమ్మననూ లేదు. నిలబడే మొదలుపెట్టాను. సగంలో తడబడ్డాను. అరటిపళ్ళ దగ్గరికి వచ్చేసరికి లోపల మా వదిన, "అరటిపళ్ళనుకున్నారా?" అంది. ఆ తర్వాత వచ్చిన చప్పుడు నవ్వో ఏడుపో నాకిప్పటికీ తెలియదు.

ఆయన మాత్రం ఒక్కటే అడిగాడు. "ఎన్నున్నాయి?"

"పాతదానికి నలభై మూడు. నేను తెచ్చినదానికి ముప్పై తొమ్మిది."

"ముప్పై తొమ్మిది" అన్నాడు తనలో తను. కాసేపు గాలిలో రెండు వేళ్ళు తిప్పాడు, ఒకటి నెమ్మదిగా, ఒకటి కొంచెం జోరుగా. "అద్గదీ. ముందువి ఒకలాగ, ఎనకవి ఒకలాగ. మరి కొట్టుకోదేటి." తర్వాత చైను కింద పెట్టి, రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు. "ఏడాది బట్టీ నాను డిప్రెన్సు ముట్టుకోలేదు. చిన్న బోల్టు బిగించినా నాలుగుసార్లు ఇప్పి సూసుకుంతన్నాను. నా సేతులు పోనాయనుకున్నాను."

నేను క్షమించమన్నాను. ఆయన చైను మళ్ళీ చేతిలోకి తీసుకుని ఆఖరి లంకె దాకా తుడిచాడు. అప్పుడు "టీ తాగుతారా?" అన్నాడు. తాగుతావా అనలేదు. ఆ మాట రావడానికి ఇంకా రెండు మూడు నెలలు పట్టింది. నేను తొందరపడలేదు. తొందరపడే హక్కు లేదు.

మర్నాడు మామగారు బస్సెక్కి కంచరపాలెం వెళ్ళారు. అక్కడ ఏమన్నారో ఎవరూ చెప్పలేదు. ఏమీ అని ఉండరు, ఆయన తత్వం అది. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఆ గుమ్మంలో కూర్చున్నారట. లేచేటప్పుడు పెద్దల్లుణ్ణి మొదటిసారి మీరు అన్నారట. నలభై మూడు పళ్ళ చక్రం విజయనగరంలో ఎక్కడో దొరికింది. ఆయన పాత బుర్రలోనే దాన్ని కూర్చాడు. ఈసారి నాచేత ఒక్కో పన్నూ ముట్టుకుంటూ పైకి లెక్కపెట్టించాడు. నా గొంతు పెందుర్తి వీధి చివరిదాకా వినపడిందని మా ఆవిడ చెబుతుంది. జీపు ఆ తర్వాత ఆరేళ్ళు ఇసుకలో తిరిగింది. అత్తగారి మణికట్టు మాత్రం పూర్తిగా తిన్నగా కాలేదు. గిన్నె దించేటప్పుడు చెయ్యి కొంచెం పక్కకు ఒరిగేది. ఆవిడ ఆ మాట ఒక్కనాడూ ఎత్తలేదు.

నేను కంచరపాలెం వెళ్ళిన ఆ సాయంత్రం, మాటలన్నీ అయ్యాక, లోపలి గది నుంచి ఒక పిల్ల గోడ పట్టుకుని తప్పటడుగులు వేస్తూ వచ్చింది. అంతవరకూ నేను చూడనే లేదు ఆ పిల్లను. చేతులు చాపాను. కొత్తమొహం చూసి బెదిరి, వాళ్ళ నాన్న వీపు వెనక దాక్కుంది. ఇప్పుడు ఆవిడకు నలభై ఏళ్ళు. గాజువాకలో ఉంటుంది, బాబాయ్ ఒంట్లో ఎలా ఉంది అని వారం వారం ఫోను చేస్తుంది. ఆవిడ బళ్ళో చేరడం చూశాను, పెళ్ళి చూశాను, పిల్లల్ని ఎత్తుకున్నాను. బోర్లా పడడం, పాకడం మాత్రం చూడలేదు. తర్వాత ఎన్ని ఏళ్ళు కలిసి గడిపినా, అందులో ఏ ఒక్క రోజూ ఆ ఏడాది ఖాళీలోకి వెళ్ళి కూర్చోలేదు.